కొండను తవ్వి ఎలుకను పట్టే ఉద్యోగం

విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లకు రెండు మూడేళ్లలో ఒక సంగతి బాగా తెలిసొస్తుంది. ఏసీ బయటి యూనిట్ కాయిల్ పొడిపొడిగా రాలిపోతుంది, డిష్ యాంటెన్నా బోల్టు విప్పబోతే తల తెగి చేతికొస్తుంది, బాల్కనీ గ్రిల్లుకు ఏటా రంగు వేయించినా లోపలినుంచి తుప్పు పొంగుతూనే ఉంటుంది. ఒడ్డున, గోడల మధ్య, కదలకుండా ఉన్న ఇంటి సంగతే ఇది. ఇప్పుడు ఆ ఏసీ ఉన్నచోట ఒక రాడార్‌ను పెట్టి, ఇంటిని తీసుకెళ్లి సముద్రం మధ్యలో పడేసి, రాత్రీ పగలూ ఊపుతూ, కింద ఇంజిన్లతో అదరగొడుతూ, ఆ రాడార్ మాత్రం ఆగకూడదు అంటే ఎలా ఉంటుంది? నేవీలో ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ పని ఇంచుమించు ఇదే.

ఈ ఊరికి నేవీ కొత్త కాదు. తూర్పు నౌకాదళ కమాండ్ 1968 నుంచి ఇక్కడే ఉంది. ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని తెలియని కుర్రాళ్లు కూడా రోజూ ఎన్‌ఏడీ కొత్త రోడ్డు జంక్షన్‌లో ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ కాలేజీకి వెళ్తుంటారు. ఆర్‌కే బీచ్‌లో నేవీ విన్యాసాలున్న రోజు ఇసక వేస్తే రాలనంత జనం. ఆ జనం చూసేది తుపాకులను, హెలికాప్టర్లను, కమాండోలను. ఓడ మాస్ట్ (నిలువు స్తంభం) మీద తిరిగే ఆ రాడార్ పలకలను, పైనుంచి కిందికి దిగే కేబుళ్లను, వాటి వెనక కూర్చుని మల్టీమీటర్ పట్టుకున్న మనిషిని ఎవరూ చూడరు. చూడాల్సిన పనీ లేదనుకోండి, కానీ ఆ మనిషి పని ఏమిటన్నదానిపై ఊళ్లో ఉన్న అంచనా మాత్రం చాలావరకు తప్పు.

ఎలక్ట్రానిక్స్ అనగానే చిప్పులు, సర్క్యూట్లు, సోల్డరింగ్ గుర్తొస్తాయి. ఓడ మీద పాడయ్యేవాటిలో చిప్పుల వాటా తక్కువ. ఎక్కువగా పాడయ్యేది కనెక్టరు, కేబులు, కూలింగ్, పవర్ సప్లై, ఎర్తింగ్. ఇత్తడి బిందె మీద పట్టే చిలుమే కనెక్టర్ పిన్నుల మీదా పడుతుంది. ఇంట్లో చింతపండు వేసి తోముతారు, ఓడలో స్పిరిట్‌తో, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడుస్తారు, అంతే తేడా. కాకపోతే చిలుము పట్టిన పిన్ను ఏదో చెప్పడానికి బిందెకు పట్టేంత సమయం చాలదు, ఓడలో కనెక్టర్లు వేలల్లో ఉంటాయి.

ఎవరు చేస్తారు ఈ పని? అమెరికా నేవీలో ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అనే పేరుతోనే ఒక ట్రేడ్ ఉంది. మన నేవీలో ఇదంతా ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుంది, అందులో సెయిలర్లు రెండు రకాలు. పవర్ వాళ్లు జనరేటర్లు, మోటార్లు, స్విచ్‌బోర్డులు చూస్తారు. రేడియో వాళ్లు రాడార్, సోనార్ (నీటి కింద శబ్దంతో చూసే పరికరం), కమ్యూనికేషన్ సెట్లు చూస్తారు. పేరులో రేడియో ఉంది కదా అని ఆకాశవాణి అనుకోకండి, తరంగాలతో పనిచేసేదంతా రేడియోనే. మెకానిక్, అంతకంటే ఎక్కువ నైపుణ్యం ఉన్న ఆర్టిఫిసర్ అని ఇందులో మళ్లీ అంతరాలున్నాయి. ఎవరైనా సరే జామ్‌నగర్‌లోని నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ వల్సురాలో చదువుకుని రావాల్సిందే.

ఇంకో తేడా ఉంది, బయటివాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. మన దగ్గర రాడార్ తెర ముందు కూర్చునేవాడు వేరు, రాడార్‌ను బాగుచేసేవాడు వేరు. తెర చూసేది సీమన్ బ్రాంచికి చెందిన రాడార్ ప్లాటర్. అమెరికాలో సోనార్ టెక్నీషియన్లు ఆపరేటింగూ రిపేరూ రెండూ చేస్తారు, ఇక్కడ ఆ రెండిటికీ మధ్య గీత ఉంది. దానివల్ల టెక్నీషియన్ దగ్గరికి ఫాల్టు ఎప్పుడూ ఫాల్టు రూపంలో రాదు, ఫిర్యాదు రూపంలో వస్తుంది. "పొద్దున బాగానే ఉంది, ఇప్పుడు సరిగ్గా కనిపించట్లేదు." అంతే. కడుపులో ఎలాగో ఉంది డాక్టరుగారూ అన్నట్టు. దాన్ని వోల్టులలోకి, డెసిబెల్స్‌లోకి, చివరికి ఫలానా కనెక్టర్‌లోకి దించడమే అసలు విద్య.

రాడార్ సంగతే కాస్త దగ్గరగా చూద్దాం. రాడార్ పంపిన తరంగం దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది, ఆ పలచబడటం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. పడవకు తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే పలచబడుతుంది. రెండూ కలిపితే దూరం నాలుగో ఘాతం అవుతుంది. అంటే రాడార్ రెట్టింపు దూరం చూడాలంటే పవర్ రెట్టింపు చేస్తే చాలదు, 16 రెట్లు చేయాలి. ఇది డిజైనర్ల తలనొప్పి. టెక్నీషియన్ తలనొప్పి ఇదే లెక్కను తిరగేస్తే కనిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్ పవర్ సగానికి సగం పడిపోయినా రాడార్ చూసే దూరం తగ్గేది 16 శాతమే. పది నాటికల్ మైళ్ల అవతల కనిపించే చేపల పడవ సుమారు ఎనిమిదిన్నర మైళ్ల దగ్గర కనిపించడం మొదలుపెడుతుంది. తెర ముందు కూర్చున్నవాడికి అది తెలియనే తెలియదు, సముద్రం కొంచెం అలజడిగా ఉందిలే అనుకుంటాడు. అతనికి తేడాగా అనిపించి ఫిర్యాదు వచ్చేసరికి లోపల పవర్ ఎప్పుడో సగం పోయి ఉంటుంది.

అందుకే ఈ పనిలో వీరత్వం కంటే రిజిస్టరు ముఖ్యం. వారం వారం అదే పాయింటులో అదే మీటరుతో కొలిచి అంకె రాయడం. ఇంతకంటే బోరు కొట్టే పని ఉండదు, కుర్రాళ్లకు ఇది పరమ చిరాకు, కొందరు పోయినవారం అంకెనే మళ్లీ రాసేసి టీ తాగడానికి వెళ్లిపోతారనేది ఏ మెయింటెనెన్స్ పనిలోనైనా ఉన్న జబ్బే. కానీ నాలుగో ఘాతం లెక్క అర్థమైనవాడు ఆ పని చేయడు. కళ్లకు కనిపించని నష్టం ఆ అంకెల వరుసలో తప్ప ఇంకెక్కడా కనిపించదని అతనికి తెలుసు.

సరే, పవర్ తగ్గింది. ఎక్కడ తగ్గింది? నేవిగేషన్ రాడార్‌లో మైక్రోవేవ్ శక్తి మామూలు తీగలో వెళ్లదు, వేవ్‌గైడ్ అనే దీర్ఘచతురస్రపు గొట్టంలో వెళ్తుంది. మూడు సెంటీమీటర్ల తరంగానికి వాడే గొట్టం లోపలి కొలత సుమారు 23 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్లు కూడా దూరవు. మాస్ట్ పైదాకా వెళ్లే ఆ గొట్టంలో ఎక్కడో ఒక జాయింటు దగ్గర రబ్బరు సీలు ఎండిపోతుంది. వానో, కెరటం తుంపరో, రాత్రి చల్లబడ్డప్పుడు పట్టే చెమ్మో లోపలికి దిగుతుంది. నాలుగు చుక్కల నీళ్లు చాలు. పైకి వెళ్లాల్సిన శక్తిలో కొంత ఆ నీళ్ల దగ్గర వేడిగా మారిపోతుంది, కొంత వెనక్కి తిరిగి ట్రాన్స్‌మిటర్ మీదికే వస్తుంది. రోజూ అలా ఎదురుదెబ్బ తిని తిని, మైక్రోవేవ్‌లను పుట్టించే మాగ్నెట్రాన్ ఒకనాడు చచ్చిపోతుంది.

ఇక్కడే ఇద్దరు టెక్నీషియన్ల మధ్య తేడా బయటపడుతుంది. మాగ్నెట్రాన్ పోయింది కాబట్టి కొత్తది వేసి, రాడార్ వెలిగింది కాబట్టి సంతకం పెట్టేవాడు ఒకడు. మాగ్నెట్రాన్ ఎందుకు పోయింది అని వెనక్కి వస్తున్న శక్తిని కొలిచి, గొట్టం ముక్క ముక్కగా విప్పి, ఒక జాయింటు లోపల పచ్చటి మరక చూసి, సీలు మార్చి, గొట్టంలోకి పొడిగాలి సరిగ్గా అందుతోందో లేదో చూసి అప్పుడు కొత్త మాగ్నెట్రాన్ వేసేవాడు ఇంకొకడు. మొదటివాడి పని గంటలో అయిపోతుంది, పేరూ వస్తుంది. కాకపోతే నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి ఖరీదైన ఆ కొత్త మాగ్నెట్రాన్ కూడా పాతదాని దారే పడుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టాడు అని మనవాళ్లు వెక్కిరింపుగా అంటారు గానీ, ఈ ఉద్యోగంలో దొరకాల్సింది ఎలుకే. కొండలు తవ్వకపోతే దొరకదు.

తవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ 16 అంచెల గుండా వెళ్తోందనుకుంటే ఒకటో అంచె నుంచి వరసగా చూసుకుంటూ పోకూడదు. సరిగ్గా మధ్యలో కొలవాలి. అక్కడ సిగ్నల్ బాగుంటే మొదటి ఎనిమిదీ బాగున్నట్టే, మిగతా ఎనిమిదిలో మళ్లీ మధ్యకు పోవాలి. నాలుగు కొలతల్లో ఎలుక దొరుకుతుంది. వినడానికి ఇంతే. కానీ మధ్య ఏదో తెలియాలంటే సిగ్నల్ ఎటునుంచి ఎటు పోతోందో బొమ్మ మొత్తం తలలో ఉండాలి, ఓడ ఊగుతుండగా, అర్ధరాత్రి, పైనుంచి ఇంకా ఎంతసేపు అని ఫోన్ వస్తుండగా.

ఇంతా చేసి అసలు ఫాల్టే లేని రోజులూ ఉంటాయి. సముద్రం మీద నీటి ఉపరితలానికి ఆనుకుని ఉన్న గాలిలో తేమ పైకి వెళ్లేకొద్దీ గబగబా తగ్గిపోతే రాడార్ తరంగం అందులో చిక్కుకుని భూమి ఒంపు వెంబడి వంగి పోతుంది. అలాంటి రోజు రాడార్ మామూలు కంటే చాలా దూరం చూసేస్తుంది, మర్నాడు వాతావరణం మారగానే మామూలుకు వస్తుంది, రాడార్ పాడైపోయిందని ఫిర్యాదు వస్తుంది. పాడైంది రాడార్ కాదు, నిన్నటి అదృష్టం అయిపోయింది. ఇది చెప్పి ఒప్పించడానికీ ఆ రిజిస్టరులో అంకెలే కావాలి.

సోనార్ దగ్గర ఇదే తంటా ఇంకా ఎక్కువ. ఉప్పునీళ్లలో రేడియో తరంగాలు బతకవు కాబట్టి నీటి కింద చూపుకు శబ్దమే దిక్కు. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, నీరు ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు మూడు మీటర్ల వేగం పెరుగుతుంది. ఉప్పు తగ్గితే వేగం తగ్గుతుంది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు పైన ఒక పొరగా పరుచుకుంటాయి. పొరలు మారినచోట శబ్దం వంగిపోతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పైనీరు వేడెక్కి, శబ్దం కిందికి వంగి, పొద్దున కనిపించింది సాయంత్రానికి కనిపించకపోవడం సోనార్‌తో పనిచేసే ప్రతి నేవీకీ పాత కథే. టెక్నీషియన్ ఆ పొరలను మార్చలేడు. తన పెట్టె బాగుందని రుజువు చేసుకోవడమే అతని వంతు. ఓడ కింద డోమ్‌లో ఉండే, శబ్దాన్ని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్లలో కొన్ని పోయినా చాలావరకు చేసేదేమీ ఉండదు, ఓడ డ్రైడాక్ (నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే చోటు) ఎక్కేదాకా ఉన్నవాటితో నెట్టుకురావాలి.

ఇళ్లలో లేని ఇంకో చిక్కు ఓడలో ఉంది. మన ఇళ్లకు వచ్చే కరెంటులో న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు, కరెంటు తీగ ఎర్తుకు తగిలితే ఫ్యూజు పోతుంది, ఆర్‌సీసీబీ స్విచ్చు (కరెంటు లీకైతే సరఫరా ఆపేది) ఉంటే అది పడుతుంది. యుద్ధనౌకల్లో సాధారణంగా అలా కలపరు. కావాలనే కలపరు, ఒక్కచోట దెబ్బ తగిలి తీగ ఓడ ఇనుముకు ఆనినంత మాత్రాన కరెంటు పోకూడదు, ఆయుధాలు ఆగకూడదు. మంచి ఆలోచనే. కానీ దానివల్ల మొదటి ఫాల్టు ఏ చప్పుడూ లేకుండా వచ్చి కూర్చుంటుంది. స్విచ్‌బోర్డు మీద ఇన్సులేషన్ తగ్గిందని సూచన కనిపిస్తుంది తప్ప ఎక్కడ తగ్గిందో తెలియదు. రెండో ఫాల్టు ఇంకో ఫేజ్‌లో వస్తే అప్పుడు షార్ట్ సర్క్యూట్ అయి మంటలే. కాబట్టి మొదటిదాన్ని వేటాడాలి. ఒక్కో సర్క్యూట్ ఆపుతూ, మీటరు చూస్తూ, అందరిచేతా తిట్లు తింటూ పోతే చివరికి దొరికేది డెక్ మీద గాజు పగిలి నీళ్లు నిండిన ఒక లైటు కావచ్చు. ఇది పేరుకు పవర్ వాళ్ల పనే, కానీ రాడార్ రూములో ఏది ఎప్పుడు ఆపొచ్చో చెప్పాల్సింది రేడియో వాళ్లు కాబట్టి ఇద్దరికీ నిద్ర ఉండదు.

తుప్పు గురించి ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. తుప్పు పట్టిన బోల్టు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడులా పనిచేస్తుంది. డెక్ మీద రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి నడుస్తుంటే, ఆ తరంగాలు తుప్పు జాయింట్లలో కలిసి, ఎవరూ పంపని కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టించి రిసీవర్‌లో గోల చేస్తాయి. సెట్టు మొత్తం విప్పి చూసినా ఏమీ దొరకదు. రెయిలింగ్ గొలుసు కొక్కెం దగ్గర గీకి రంగు వేస్తే గోల ఆగిపోతుంది. రేడియో రిపేరుకు ఇసుక కాగితం తీసుకెళ్లే ఉద్యోగం ఇంకోటి ఉందా?

ప్రమాదం సంగతి క్లుప్తంగా. కరెంటు ఆపేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉంటుంది, ఎర్తింగ్ రాడ్‌తో దాన్ని దించకుండా చెయ్యి పెట్టకూడదు. మాస్ట్ ఎక్కేముందు పైన ఉన్న ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా స్విచ్చుల దగ్గర బోర్డు కట్టాలి. ఒంటరిగా హైవోల్టేజ్ పని చేయకూడదు. రాసి ఉన్నవి చాలా ఉన్నాయి, కానీ ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో ముందుగా కోత పడేది వీటికే.

విశాఖకు ఈ విద్యలో ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. ఇక్కడి డాక్‌యార్డ్ సోవియట్ సాయంతో పెరిగింది, మన మొదటి జలాంతర్గాములు ఇక్కడికే వచ్చాయి. ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. టికెట్ కొని లోపలికెళ్లినవాళ్లు టార్పెడోల దగ్గర ఫొటోలు దిగి సోనార్, రేడియో గదుల ముందునుంచి గబగబా నడిచిపోతారు. ఒక్క నిమిషం ఆగి చూడండి. భుజం తిప్పుకోవడానికి చోటు లేని ఆ అరలో ఒక మనిషి ప్యానెల్ విప్పి వెనకున్న తీగను పట్టుకోవాలంటే ఒళ్లు ఎలా వంచాలో ఊహించండి. 1980లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు 2021 మే 21న ఇక్కడి డాక్‌యార్డ్‌లోనే వీడ్కోలు చెప్పారు. 41 ఏళ్లు. ఆమధ్యలో ఆ దేశమే విడిపోయింది. ఇంట్లో టీవీ పదేళ్లు నడిస్తే గొప్ప, ఓడ ఇనుము మాత్రం నలభై ఏళ్లు నిలుస్తుంది. లోపలి ఎలక్ట్రానిక్స్‌ను మధ్యమధ్య రీఫిట్లలో (ఓడను ఆపి చేసే పెద్ద మరమ్మతుల్లో) మారుస్తారు గానీ అన్నీ ఒకేసారి మారవు. ఒకే ఓడలో తాతల కాలం పెట్టె, నిన్న వచ్చిన కంప్యూటరు పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ రెండిటి మధ్య తగువు తీర్చే పెద్దమనిషి టెక్నీషియనే.

కొత్త ఓడల్లో పద్ధతి మారింది. సెట్టు తనను తానే పరీక్షించుకుని ఫలానా కార్డు పోయిందని తెరమీద చెబుతుంది. ఆ కార్డు లాగేసి స్పేర్ కార్డు పెట్టడమే. పోయిన కార్డు ఒడ్డుకు వస్తుంది. పని సులువైంది, వేగమూ పెరిగింది, ఇక నైపుణ్యంతో పనేముంది అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అలా ఒడ్డుకు పంపిన కార్డును బెంచి మీద పెడితే బాగానే పనిచేసి, ఫాల్టు ఏమీ లేదు అన్న చీటీతో వెనక్కి రావడం నేవీలోనే కాదు, విమానయానంలోనూ అందరికీ తెలిసిన తలనొప్పి. ఎందుకంటే పోయింది కార్డు కాదు, అది కూర్చునే సాకెట్టులో పిన్ను. లాగి పెట్టినప్పుడు పిన్ను రాపిడికి శుభ్రమై నాలుగు రోజులు నడిచింది, కార్డు మార్చినందువల్లే బాగైందని అందరూ అనుకున్నారు. స్వయంపరీక్ష చేసే సాఫ్ట్‌వేరుకు కార్డులే తెలుసు, చిలుము తెలియదు. కార్డులు మార్చడం నేర్పి సిగ్నల్ దారి నేర్పకపోతే ఓడకు స్పేర్లు ఎన్ని ఇచ్చినా చాలవు.

ఇక్కడే నాలుగేళ్ల సర్వీసు ప్రశ్న వస్తుంది. ఇదివరకు నేవీలో చేరిన సెయిలర్ 15 ఏళ్లు, ఆర్టిఫిసర్ అయితే 20 ఏళ్లు ఉండేవాడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం అగ్నివీరుడి సర్వీసు నాలుగేళ్లు, వాళ్లలో 25 శాతం వరకే కొనసాగిస్తారు. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో 16 వారాల ప్రాథమిక శిక్షణ, ఆ తర్వాత ట్రేడ్ శిక్షణ, తర్వాత ఓడ ఎక్కి దేని తలుపు ఎక్కడుందో తెలుసుకోవడం. అదంతా పోగా మిగిలేది ఎంత? ఒక రాడార్‌తో ఎండాకాలం, తుపాను కాలం, రీఫిట్ అన్నీ చూసి దాని అలవాట్లు పట్టుకోవడానికి పట్టే కాలంతో పోలిస్తే అది చాలా తక్కువ. పథకంలో సైన్యానికి వయసు తగ్గడం లాంటి లాభాలు ఉంటే ఉండొచ్చు, తుపాకీ పట్టే పనికీ ఎలుకను పట్టే పనికీ ఒకే కొలబద్ద పెట్టడం మాత్రం సరైన లెక్కలా కనిపించదు. కనీసం ఈ ట్రేడ్‌లో ఉంచేవాళ్ల వాటా పెద్దగా ఉండాలి. మొదటి బ్యాచ్ 2022 చివర్లో చేరింది, వాళ్లకు నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి.

ఆ లోటును విశాఖలో కొంతవరకు పూడ్చేది డాక్‌యార్డ్‌లోని సివిలియన్ ఉద్యోగులు. ఓడలు, సెయిలర్లు బదిలీ మీద వచ్చి పోతుంటారు, వీళ్లు ఉంటారు. కంచరపాలెం పాత ఐటీఐలోనో మరో ఊళ్లోనో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు చదివి, డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్లో ఏడాది చేసి, తర్వాత పోస్టు కొట్టి, మల్కాపురం, గాజువాక వైపు ఇల్లు కట్టుకుని రిటైరయ్యేదాకా అవే సెట్లను ఓడ తర్వాత ఓడలో చూసినవాళ్లు. ఓడ మీద హిందీ, బయట వర్క్‌షాపులో తెలుగు, కాగితం మీద ఇంగ్లిష్, పాత ప్యానెల్ మీద రష్యన్, ఈ నాలుగూ కలిపి ఒక వాక్యంలో మాట్లాడగలరు. డిగ్రీ చదివినవాళ్లకు వీళ్ల పక్కన కూర్చుంటే తప్ప రాని సంగతులు చాలా ఉన్నాయి.

అలాంటి సీనియర్లలో చాలామంది దగ్గర ఒక చేతిరాత పుస్తకం ఉంటుంది. కంపెనీ మాన్యువల్‌లో లేనివి అందులో ఉంటాయి. వాన పడ్డ మర్నాడు ఈ అలారం వస్తే ముందు పైనున్న ఫలానా జంక్షన్ బాక్సు మూత చూడు, ఏసీ ప్లాంటు ఆగి మళ్లీ మొదలైతే ఈ క్యాబినెట్ తలుపు వెంటనే తెరవకు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు కార్డులకు నీళ్లు పడతాయి, అరగంట ఆగు, లాంటివి. నూనె మరకలు, టీ మరకలు, పేజీ అంచున పెన్సిల్‌తో వేసిన చిన్న బొమ్మ. బదిలీ వచ్చినప్పుడు, రిటైరైనప్పుడు ఆ పుస్తకం ఎవరి చేతికి వెళ్లాలో ఏ ఆర్డరులోనూ రాసి ఉండదు.